ఎదురుకొట్టు మెట్టు మీద నుంచి

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు వందనాలతో రాస్తున్నది. ఇక్కడ నేను, నాన్న, నాయనమ్మ ముగ్గురం ఒకరి మీద ఒకరం అరుచుకునేంత ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ పెద్దమ్మ కాలు ఎలా ఉంది? మంచం దిగి నాలుగడుగులు వేస్తోందా? ఆమె మూలిగినప్పుడల్లా నువ్వు లేచి కూర్చుంటున్నావేమోనని నాయనమ్మ అనుమానం. నిజం రాయి.

"ఫోన్లో అడిగితే 'అంతా బాగుంది' తప్ప ఇంకో ముక్క రాదు మీ నోట్లోంచి. ఉత్తరం రాయి. నీకీ మధ్య మాటలంటే పిచ్చి పట్టింది కదా, ఆ పిచ్చేదో నా మీద చూపించు" అన్నావు. చూపిస్తున్నాను. పరీక్షల్లో తెలిసిన జవాబులు ముందు రాయండి, కష్టమైనవి చివరికి వదలండి అంటారు మా మాస్టారు. నీ ఉత్తరానికి కూడా అలాగే జవాబు రాస్తున్నాను. పెద్దమ్మ అల్లుడు చూసిపెట్టిన గోడౌన్ కాపలా పనికి నాన్నని ఒప్పించమని, ఇక తాపీ వదిలేయమని చెప్పమని అడిగావు చూడు, అది చివరికి వదిలిన ప్రశ్న.

వంటింట్లో కొళాయి కారడం ఆగింది. నాయనమ్మ మాత్రలు మింగుతోంది. మింగేముందు కాసేపు వాటితో పోట్లాడుతోంది కానీ, చివరికి మాత్రే గెలుస్తోంది. వంట నాదే. ఒకరోజు అన్నం మాడింది, మర్నాడు ఉడకలేదు. "రెండూ ఒకే గిన్నెలో కలిపేసి ఉంటే సరిపోయేది కదే" అన్నాడు నాన్న. కాలేజీ ఒక్క రోజు కూడా మానలేదు. ఈ వారం 'వంకర'కి దగ్గర మాటలు పోగేశాను. ఓర, వాలు, ఒరుగు, ఏటవాలు, మెలి. ఒక్కో మాట ఒక్కోలా వంగి ఉంటుంది. వాలు మెత్తగా జారుతుంది. ఒరుగులో పడిపోతానన్న భయం ఉంటుంది. వీటిని ఎందుకు పోగేశానో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

క్రిస్మస్ పండగ సామాను పెట్టె అటక మీద నుంచి దించాం. పశువుల పాక ఎప్పటిలాగే నాయనమ్మ చేతుల మీదుగా లేచింది. కళ్ళజోడు పెట్టుకోకుండా సర్దింది కాబట్టి మొదట గొర్రెల కాపరి తొట్టిలో పడుకున్నాడు, బాలుడు గొర్రెల మధ్య కూర్చున్నాడు. నేను మార్చబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చి తనే మార్చింది. ముగ్గురు జ్ఞానుల్లో ఒకాయన నిరుడు పెట్టెలోనే పగిలిపోయాడు కదా. ఎదురు కొట్టు టైలర్ బాబాయి దగ్గర ఖాళీ దారపు కండె అడిగి తెచ్చి, దానికి పట్టుగుడ్డ పీలిక చుట్టి ఆయన చోట నిలబెట్టింది.

"ఈయన మరీ పొట్టిగా ఉన్నాడే నాయనమ్మా" అన్నాను.

"అంత దూరం నుంచి నడిచొచ్చాడు. అరగడూ మరి?" అంది.

కాగితం నక్షత్రాలు ఏడూ నేనే కత్తిరించి అతికించాను. జిగురు కాస్త పలచనైంది. ఒక నక్షత్రం మొహం వేలాడేసుకుని ఉంది. దాన్ని మధ్యలో కడితే అందరికీ కనిపిస్తుందని చివర కట్టాను.

ఇక ఆ నక్షత్రాలు కట్టే చెక్క పట్టీ సంగతి.

నాన్న నువ్వు వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాడో, మొన్నటిదాకా అలాగే ఉన్నాడు. ఆ పెద్ద భవనంలో ఆయన కట్టిన గోడ ఒరిగిందని కూలగొట్టించి, పదిమంది ముందు సూపర్‌వైజరు "మేస్త్రీ, నీ కన్ను పోయింది" అన్న రోజున పనిముట్ల సంచి తలుపు వెనక తగిలించాడు. అది అక్కడే ఉండిపోయింది. తుడిచేటప్పుడు నేను దాని కిందనుంచి తుడిచేదాన్ని. పొద్దున్నే లేచేవాడు, గడ్డం గీసుకునేవాడు, ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. అడిగితే "చలిగా ఉంది" అనేవాడు. మధ్యాహ్నం ఎండలో కూడా అదే జవాబు.

పట్టీ కట్టే రోజు కూడా చలిగానే ఉందన్నాడు. నాయనమ్మ లేచి చీర కుచ్చిళ్ళు ఎగదోపి, "సరేలేరా, నిచ్చెన నేనెక్కుతా. కింద పడితే ఆస్పత్రి ఖర్చు నీదే" అంది. ఆమె నిజంగానే మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నాన్న లేచాడు.

నీకు తెలియనిది కాదు కానీ, నాకు రాయాలని ఉంది. మనింట్లో పండగ ముస్తాబు ఒక్కరి పని కాదు. పాక నాయనమ్మది, నక్షత్రాలు నావి. రెండు కిటికీల మీదుగా అడ్డంగా ఆ పొడుగు చెక్క పట్టీ వేలాడదీసి, దానికి నక్షత్రాలు కట్టడం నాన్నది. వీధి దాటి టైలర్ బాబాయి కొట్టు మెట్టెక్కి నిలబడి, అక్కణ్ణుంచి ఎగుడుదిగుడు చెప్పడం నీది. నిచ్చెన మీదున్న మనిషి వాదించకూడదు. మెట్టు మీదున్న మనిషి "బిగించు" అన్నాకే ముడి బిగించాలి. అప్పుడు అందరం వీధిలోకి వచ్చి కాసేపు మనిల్లే మనం కొత్తగా చూసుకోవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మెట్టు మీద నువ్వు తప్ప ఎవరూ నిలబడలేదు. ఈసారి నేను నిలబడ్డాను.

నీ ఉత్తరం జేబులోనే ఉంది. ఎవరికీ చెప్పని మాట అంటూ నువ్వు రాసినది నాకు కంఠతా వచ్చేసింది. "ముందు గోడలో ఎడమ కిటికీ కుడిదాని కన్నా కాస్త కిందికి ఉంటుంది. మా పెళ్ళైన కొత్తల్లో మీ నాన్న సొంతంగా కట్టిన మొదటి గోడ అది. మామూలుగా ఎవరికీ తెలీదు. పైన పట్టీ మట్టంగా కడితే మాత్రం పట్టిచ్చేస్తుంది. అందుకే ఏటా నేను ఎడమ కొస కాస్త దించమంటాను. నువ్వూ దించమను. ఎందుకని ఆయన అడగడు." దాని కిందే ఇంకో వాక్యం. "ఆ సూపర్‌వైజరు అన్నాడని కాదు గానీ, ఆయన చూపు మొదట్నుంచీ అంతేనేమోనని ఇప్పుడనిపిస్తోంది. ఇంకో గోడ ఒరిగి ఇంకొకడు మాట అనకముందే, కుర్చీలో కూర్చునే పని చూసుకోవడం మేలు కదా."

దించమనడం ఎంతసేపు అనుకుని మెట్టెక్కాను. నాన్న నిచ్చెన ఎక్కాడు. ఎక్కి, జేబులోంచి రసమట్టం తీశాడు.

అమ్మా, ఇది నువ్వు రాయని సంగతి. పండగ పట్టీకి ఆయన ఏనాడూ రసమట్టం పెట్టలేదు. తన కన్ను చాలు అనేవాడు. ఈసారి పట్టీ మీద దాన్ని పెట్టి, అందులో బుడగ సరిగ్గా నడిమధ్యకి వచ్చేదాకా అటో తాడు, ఇటో తాడు సవరించాడు. తర్వాత నావైపు తిరక్కుండానే, "చూడవే పంతులమ్మా, ఎలా ఉంది?" అని అరిచాడు.

నువ్వు చెప్పినట్టే ఉంది. పట్టీ తిన్నగా ఉంది, ఇల్లు పక్కకి వాలి ఉంది. కుడి కిటికీకీ పట్టీకీ మధ్య ఖాళీ తక్కువ, ఎడమ కిటికీ మీద ఎక్కువ. ఒకసారి చూశాక ఇక కంటికి వేరేదేదీ ఆనదు. లోపల కుట్టు మిషను ఆపి టైలర్ బాబాయి కూడా బయటికొచ్చాడు.

"ఏంటమ్మాయ్, మీ పట్టీ ఈ ఏడు ఎగిరిపోయేట్టుందే? వదిన ఉంటే ఇలా ఉండేదా?" అన్నాడు.

"నువ్వూరుకో బాబాయ్" అన్నాను.

"నేనూరుకుంటా. వీధి ఊరుకోవద్దూ? మేస్త్రి ఇల్లాయె."

నిచ్చెన మీద నుంచి మళ్ళీ, "ఏంటే, మాట పోయిందా?"

ఎడమ కొస దించమంటే, రసమట్టం తప్పని నేనన్నట్టు. రసమట్టం తప్పు కాకపోతే కిటికీ తప్పు. కిటికీ తప్పంటే అది కట్టిన చెయ్యి తప్పు. అంతా బాగుందని అనేస్తే, పండగంతా ఆ వంకరని వీధిలో పోయేవాళ్ళందరికీ చుక్కలు తగిలించి మరీ చూపించినట్టు. ఇన్ని మాటలు పోగేసుకున్నదాన్ని, ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"ఎండ కళ్ళలో పడుతోంది నాన్నా, కనపడ్డం లేదు" అన్నాను.

ఎండ నా వెనక ఉంది. నా నీడ నా ముందే వీధిలో పడి ఉంది. నాన్న మెడ తిప్పి నన్ను చూశాడు, ఆ నీడని చూశాడు. రసమట్టం జేబులో వేసుకుని నిచ్చెన దిగాడు. వీధి దాటాడు. వచ్చి మెట్టు మీద నా పక్కన నిలబడ్డాడు. నాకు తెలిసి అదే మొదటిసారి, ముడి బిగించకముందు ఆయన అక్కడ నిలబడడం. టైలర్ బాబాయి తన నోటిని తనే కుట్టేసుకుని లోపలికి పోయాడు.

నాన్న ఒక కన్ను మూశాడు, బొటనవేలు చాపి చూశాడు.

"బొటనవేలి మందం. అంతకు మించి లేదు" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"కిటికీ. ఎడమది. మీ అమ్మ నీకు చెప్పలేదూ?"

నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను. అదే జవాబైపోయింది.

"చెప్పే ఉంటుంది. ఏటా చెప్పేది నాకు. 'ఏవండీ, ఎడమ కాస్త' అని. అనేముందు దగ్గేది. నువ్వెప్పుడైనా విన్నావా? ఏడాదంతా దగ్గు రాని మనిషి, ఈ మెట్టెక్కగానే దగ్గేది."

"అయితే నీకు తెలుసా?"

"గోడ కట్టింది నేనే. నాకు తెలీకుండా టైలర్‌కి తెలుస్తుందా?"

"ఎప్పట్నుంచి?"

"కట్టిన మర్నాటి పొద్దున్నుంచి."

తర్వాత ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాయాలని ఆ సాయంత్రమే పుస్తకం తీసి కూర్చున్నాను. కానీ నాన్న చెప్పడం ఇటుక పేర్చినట్టు ఉంటుంది. మధ్యలో ఆగుతాడు, తట్టి చూస్తాడు, మళ్ళీ ఇంకోటి పెడతాడు. నేను రాస్తే తొందర తొందరగా వచ్చింది. కాబట్టి నా మాటల్లోనే విను.

కిటికీల మట్టం చూడడానికి అప్పుడు నీళ్ళ గొట్టం వాడాడట. గొట్టం నిండా నీళ్ళు పోసి ఒక కొస ఈ చివర, ఒక కొస ఆ చివర పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఎక్కడ నిలిస్తే అదే మట్టం. కూలి మనిషి రాలేదు. రెండో కొస నువ్వు పట్టుకున్నావు. పెళ్ళై ఎన్నో రోజులు కాలేదు. నీళ్ళు ఒలికిపోతే ఆయన ఏమంటాడోనన్న భయంతో గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెట్టి గట్టిగా నొక్కిపట్టుకున్నావట. మూతి మూస్తే లోపల నీళ్ళు కదలవు, మట్టం తప్పు చూపిస్తుంది. ఆ సంగతి నీకు తెలియదు. నువ్వు మూశావని ఆయన చూడలేదు. గీత గీశాడు, ఆ గీత మీద కిటికీ నిలబెట్టాడు. మర్నాడు పొద్దున దూరం నుంచి చూస్తే తెలిసింది. "వేలు గానీ అడ్డం పెట్టావా?" అని అడుగుదామని లోపలికి వచ్చేసరికి, చుట్టం ఎవరో వచ్చి కూర్చుని ఉంటే నువ్వు చెబుతున్నావట. "మా ఇంటికి మట్టం పట్టింది నేనే. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు."

ఆయన బయటికి వచ్చి సిమెంటు మాలు కలిపి పైన గోడ కట్టేశాడు.

"విప్పి మళ్ళీ పెట్టొచ్చుగా నాన్నా?"

"పెట్టొచ్చు. అప్పుడు ఎందుకు విప్పారని మీ అమ్మ అడిగేది."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చుగా, నాకు తెలుసని?"

"చెప్తే దగ్గడం మానేసేది" అన్నాడు.

మరి ఆ భవనం గోడ సంగతేంటని అప్పుడే అడిగాను. మళ్ళీ అడిగే ధైర్యం వస్తుందో రాదోనని. ఆయన కోప్పడలేదు. ఆ గోడ నిజంగానే ఒరిగిందట. ఆ రోజు వరస సరిచూసే దారం కట్టకుండా, నిలువు చూసే గుండు వేలాడదీయకుండా కట్టాడట. "నా కన్నుండగా దారమెందుకు అనుకున్నా. కన్ను పోవడం కాదే, కన్ను నెత్తికెక్కింది. అది దించుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ గోడకి ఎదురుగా మెట్టూ లేదు, దగ్గే మనిషీ లేదు" అన్నాడు. నవ్వాడో లేదో నేను చూడలేదు. పట్టీ వైపే చూస్తున్నాను.

మళ్ళీ నిచ్చెనెక్కాడు. రసమట్టం తీయలేదు. "ఊఁ, కానీ" అని అరిచాడు. నేను దగ్గాను. "ఎడమ కాస్త దించు నాన్నా" అన్నాను. దించాడు. "ఇంకాస్త." దించాడు. ఇక చాలనబోతుంటే, "ఆగు, మీ అమ్మైతే ఇంకో వెంట్రుక దించమనేది" అని తనే దించాడు. ఆ వెంట్రుకతో సరిపోయింది. నేను దూరం నుంచి చూస్తూ కూడా కనిపెట్టలేనిది, గోడకి ముక్కు ఆనించి నిలబడి ఆయన కనిపెట్టాడు. కన్ను పోయిందన్న మాటకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. టైలర్ బాబాయి కొట్టు గుమ్మంలోంచి, "ఇప్పుడు నేలకి దిగింది" అన్నాడు. నాయనమ్మ బయటికి వచ్చి కళ్ళజోడు లేకుండానే చూసి, బ్రహ్మాండంగా ఉందంది.

ఇప్పుడు చివరికి వదిలిన ప్రశ్న. నాన్నని కాపలా పనికి ఒప్పించను అమ్మా. పెద్దమ్మ అల్లుడికి నువ్వే నచ్చజెప్పు. మొదటి గోడే ఆయన చూపుకి సాక్ష్యమని రాశావు. ఆ గోడలో తప్పు ఆయన చూపుది కాదు. నీ బొటనవేలిది.

ఈ వాక్యం రాయడానికి రెండు కాగితాలు చించాను. ఎందుకంటే, మెట్టు దిగేముందు నాన్న నా చేత మాట తీసుకున్నాడు. "కిటికీ సంగతి నాకు తెలుసని చెప్పినా చెప్పకపోయినా నీ ఇష్టం. వేలి సంగతి మాత్రం మీ అమ్మకి ఈ జన్మలో తెలియకూడదు" అన్నాడు. చెప్పనని చేతిలో చెయ్యేశాను. ఆయన అన్నేళ్ళు దాచింది నేను వారం కూడా దాచలేదు. నీ ఉత్తరం అలా రాసి ఉండకపోతే దాచేదాన్ని. ఆయన పరువా, ఆయనకిచ్చిన మాటా, రెండిట్లో ఏది దించాలో తేల్చుకోవలసి వచ్చింది. మాటని దించాను. బరువు నీ మీద పడుతుందని తెలుసు. ఒక బొటనవేలంత బరువేలే అమ్మా, మోయగలవు.

ఒక్కటి అడుగుతాను. వచ్చాక నీకు తెలిసినట్టు ఆయనకి కనపడకు. క్షమించమనకు, నవ్వకు, గొట్టాల మాటెత్తకు. ఈ కాగితం చదివి పొయ్యిలో పడెయ్. నువ్వు ఆయన తప్పు దాస్తున్నాననుకుంటూ, ఆయన నీ తప్పు దాస్తూ ఇన్నాళ్ళు ఇల్లు నిలబెట్టారు. ఇప్పుడు నువ్వు దాచవలసింది ఇంకోటి కలిసిందనుకో.

పట్టీ కట్టకపోతే చెప్పు, అక్కని ఎవరికైనా అప్పజెప్పి పండక్కి వచ్చేస్తానని రాశావు కదా. కట్టాడు. పెద్దమ్మని వదిలి పరిగెత్తుకు రానక్కర్లేదు. ఆమె నడిచాకే రా. టైలర్ బాబాయి కొట్టు వెనక అడ్డుగోడ ఒకటి పెట్టాలని ఎప్పట్నుంచో అంటున్నాడు చూడు, నిన్న మళ్ళీ అడిగాడు. "మా గోడ చూశాక కూడా అడుగుతున్నావా?" అన్నాడు నాన్న. "ఎదురుగా కూర్చుని ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నా, అది పడిపోలేదుగా" అన్నాడు బాబాయి. ఈ పొద్దున నాన్న గడ్డం గీసుకున్నాక చలిగా ఉందనలేదు. తలుపు వెనక సంచి లేదు. కొత్త దారపు ఉండ ఒకటి కొనుక్కుని వీధి దాటాడు. నేను ఇది రాస్తుంటే తాపీ ఇటుక మీద ఆనుతున్న చప్పుడు వినపడుతోంది. మధ్యలో ఆగుతోంది. దారం చూసుకుంటున్నాడనుకుంటాను.

పట్టీ గురించి ఇంకో మాట మిగిలింది. అంతా అయ్యాక నిచ్చెన మీద నుంచి నాన్న నావైపు చూస్తూ నిలబడ్డాడు. నేను "బిగించు" అనాలి. అనలేదు. ఆయన అడగలేదు. రెండు కొసలా జారుముడి వేసి దిగిపోయాడు. గాలి వేస్తే నక్షత్రాలు కొంచెం ఊగుతున్నాయి, మొహం వేలాడేసినది మరీను. పండగ వెళ్ళిపోయినా పట్టీ విప్పేది లేదని నాయనమ్మ తీర్మానించింది. నువ్వు ఎప్పుడొస్తే అప్పుడు, పెట్టె వీధిలోనే దించి ముందు ఆ మెట్టెక్కు. నాన్న నిచ్చెన తెస్తాడు. దగ్గడం మర్చిపోకు.

ఇట్లు,
నీ మెట్టు మీద ఒక్కరోజు నిలబడిన,
నీ కూతురు